ఆరంగుళాల లిఫ్ట్

పోలీసులు వెతుకుతున్నది తన ట్రక్కు కోసం. కాబట్టి ట్రక్కు రూపమే మార్చేస్తే సరిపోతుందని లక్ష్మీపతి నిర్ణయించుకున్నాడు.

అమ్మేస్తే రికార్డుల్లో పేరు మిగులుతుంది. రంగు మార్పిస్తే ఎందుకు మార్పించావంటారు. అదే, పికప్ ట్రక్కుకి సస్పెన్షన్ ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేయిస్తే టెక్సస్‌లో ఎవరూ ఏమీ అడగరు. ఇర్వింగ్‌లో వాళ్ల వీధిలోనే అలాంటివి ఇంటికొకటి ఉన్నాయి. బురదలో పడ్డ టైరు గుర్తులు ఇక కలవవు. కెమెరాకి చిక్కిన ట్రక్కుకీ దీనికీ పోలికే ఉండదు.

అసలు జరిగింది రెప్పపాటులో జరిగిపోయింది. శుక్రవారం సాయంత్రం లాస్ కొలీనాస్‌లో ఆఫీసు నుంచి బయల్దేరాడు. కుండపోత వాన. హైవే మీద కార్లు కదలడం లేదని పక్కనున్న సర్వీస్ రోడ్డులోకి దిగాడు. కొంచెం దూరం పోయాక చక్రాల కింద ఏదో పడి ట్రక్కు ఎగిరింది. పక్కనున్న బురదలోకి జారి ఆగింది. అద్దంలో చూస్తే రోడ్డు మీద మనిషి. కదలడం లేదు.

దిగుదామని తలుపు మీద చెయ్యి వేశాడు. ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న గ్రీన్ కార్డు గుర్తొచ్చింది. హెచ్‌వన్ వీసా మీద ఉన్నవాడిని ఇలాంటి కేసులో ఏం చేస్తారో గుర్తొచ్చింది. చెయ్యి తీసి స్టీరింగ్ మీద పెట్టి ఇంటికొచ్చేశాడు. ఆ రాత్రి అన్నం కూడా తిన్నాడు. అదే అతనికి ఇప్పటికీ మింగుడుపడని సంగతి.

మర్నాడు టీవీలో ఆ రోడ్డు చూపించారు. మనిషి చనిపోయాడన్నారు. గ్యాస్ స్టేషన్ కెమెరాలో బూడిద రంగు పికప్ మసగ్గా కనబడింది. ఆ ట్రక్కు నడిపిన వ్యక్తితో పోలీసులు మాట్లాడాలనుకుంటున్నారని చెబుతుండగానే లక్ష్మీపతి టీవీ కట్టేశాడు. చనిపోయినతని పేరు వినే ధైర్యం లేకపోయింది.

సోమవారం సెలవు పెట్టి, ఊరు దాటి, తననెవరూ ఎరగని ఒక షాపు వెతుక్కున్నాడు. షాపతను ట్రక్కు చుట్టూ తిరిగి చూశాడు.

"ఆరంగుళాలు లేపితేగాని మీరడిగిన టైర్లు పట్టవు. పాతవి బాగానే ఉన్నాయి, నేను కొనుక్కుంటాను."

"వద్దు, ఇంట్లో ఉంచుకుంటాను."

తిరిగొచ్చే దారిలో ఆ నాలుగు టైర్లనీ ఊరవతల ఒక చెత్తదిబ్బ వెనక దొర్లించేశాడు.

ఇంటి ముందు ట్రక్కును చూసి భార్య దమయంతి గడప దగ్గరే నిలబడిపోయింది.

"ఇదేంటండీ, ఎక్కాలంటే నిచ్చెన వెయ్యాలేమో?"

"సరదా పడ్డాను."

"మీరా?"

పెళ్లయ్యాక లక్ష్మీపతి దేనికైనా సరదా పడటం ఆమె చూడలేదు. చొక్కా రంగు కూడా ఆమే ఎంచుతుంది. కాసేపు అనుమానంగా చూసి, తర్వాత ఏమనుకుందో వంటింట్లోంచి స్టూలు తెచ్చుకుని ఎక్కి కూర్చుంది. ఫోటో తీసి ఫ్రెండ్స్ అందరికీ పంపింది. ఆమె అంత సంతోషంగా ఉండటం చూడలేక లక్ష్మీపతి లోపలికి వెళ్లిపోయాడు.

ట్రక్కు గరాజ్‌లో పట్టలేదు. దాచాలనుకున్నది కాస్తా వీధి వీధంతా చూసేలా బయటే నిలబడింది. మలుపు తిరిగినప్పుడల్లా టైరు లోపలెక్కడో రాసుకుని గరగరమనేది. ఆ చప్పుడికి ప్రతిసారీ అద్దంలోకి చూసేవాడు.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉన్నాడు. స్పీడ్ లిమిట్ దాటలేదు. ముల్లు లిమిట్ మీదికి రాగానే కాలు తీసేసేవాడు. అందుకే, గురువారం ఆఫీసుకి వెళ్తుంటే వెనక పోలీసు కారు లైట్లు వెలిగినప్పుడు అవి తనకోసమని అనుకోలేదు.

"స్పీడ్‌లో వెళ్తున్నారు సర్," అన్నాడు పోలీసతను కిటికీ దగ్గరికొచ్చి.

"లేదు, నేను మీటర్ చూస్తూనే ఉన్నాను."

"మీటర్ చిన్న టైర్ల లెక్క చెబుతోంది. పెద్ద టైరు ఒక్క చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది. టైర్లు వేసినవాళ్లు మీటర్ సరిచేయలేదా?"

లైసెన్సు తీసుకెళ్లి కాసేపటికి తిరిగొచ్చాడు. "ఈ మోడల్ ట్రక్కులున్న వాళ్లందరితో మా డిటెక్టివ్ మాట్లాడుతున్నారు. దగ్గర్లోనే ఉన్నారట. కాస్త ఆగుతారా?"

వచ్చిన డిటెక్టివ్ నడివయసు స్త్రీ. ఆవిడ గొంతు పెంచలేదు.

"కొత్త టైర్లా? ఎప్పుడు వేయించారు?"

"సోమవారం."

"పాతవి?"

"పారేశాను."

"ఎక్కడ?"

లక్ష్మీపతి నోరు తెరిచాడు. వారం రోజులుగా లోపల నొక్కిపెట్టిందంతా ఒక్కసారిగా కళ్లలోకి వచ్చింది.

"అతను నాకు కనబడలేదు మేడమ్. వాన. నిజంగా కనబడలేదు. ఆగాల్సింది, భయపడ్డాను. చంపాలని చంపలేదు."

ఆవిడ అతన్ని చివరిదాకా చెప్పనిచ్చింది.

"మీ ట్రక్కు తన మీదికి ఎక్కేసరికే అతను చనిపోయి ఉన్నాడు," అంది మెల్లగా. "ఎవరో వేరేచోట చంపి, తెచ్చి రోడ్డు మీద పడేశారు. డాక్టర్లు మొదటి రోజే చెప్పారు. దారిన పోతూ ఏమైనా చూశారేమోనని అడగడానికే ఆ ట్రక్కు డ్రైవర్ కోసం వెతికాం."

లక్ష్మీపతికి ఒళ్లంతా తేలికైపోయింది. కళ్లు తుడుచుకున్నాడు.

"అయితే నేను చంపలేదన్నమాట."

డిటెక్టివ్ సంకెళ్లు బయటికి తీసింది.

"మీరు టైర్లు మార్చారని తెలిసేదాకా మేమూ అలాగే అనుకున్నాం."