మెల్దోనీ గారి అవార్డు

ఫోన్ మోగేసరికి కారు ఖతార్‌లో దుఖాన్ నుంచి దోహా దారిలో సగం దూరం వచ్చింది. ముందు సీట్లో కునుకు తీస్తున్న సినిమా డైరెక్టర్ మెల్దోనీ నంబరు కూడా చూడకుండా ఎత్తాడు. విసుగ్గా ఇటాలియన్‌లో ఏదో అన్నాడు. రెండో మాట మెత్తగా వచ్చింది. మూడో మాటకి ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఏమైంది సార్?" అడిగాడు డ్రైవర్ ఓబులేసు.

"అవార్డు! జీవితకాల పురస్కారం! ఇటలీలో... నాకు!"

ఓబులేసు బండి పక్కకు తీశాడు. పొద్దు వాలుతోంది. వెచ్చటి వెలుగు ముఖాన పడేలా బండి తిప్పి ఆపాడు. రేడియో కట్టేశాడు. ఏసీ కూడా ఆపేశాడు. డ్యాష్‌బోర్డు మీద దారి చూపే తన ఫోన్‌ను కాస్త సర్దాడు.

"ఇట్లాంటి మాట నింపాదిగా వినాల సార్. ఇంకోసారి చెప్పండి."

మెల్దోనీ ఇంకోసారి చెప్పాడు. మొదటిసారి కన్నా బాగా ఏడ్చాడు. ముక్కు చీదాడు, నవ్వాడు, డ్యాష్‌బోర్డును ముద్దు పెట్టుకున్నాడు. అరవై ఏళ్ళ మనిషి! ఓబులేసుకు ఒళ్ళు మండింది.

మూడు నెలలుగా ఈయన గొప్పలు వింటూ బండి నడుపుతున్నాడు. ముప్పై ఏళ్ళలో ఏడు సినిమాలు. ఏ నిర్మాతా రెండోసారి గుమ్మం తొక్కనివ్వలేదు కాబట్టి నిర్మాత కూడా తనే. నటుల్ని పెట్టుకోడు. "నటన అంటే అబద్ధం" అంటాడు. అందుకని ఆ అబద్ధమేదో తనే చెబుతాడు.

మొదటి సినిమాలో ఒక జాలరి ముసలమ్మ దగ్గరికి మనిషిని పంపి, సముద్రంలో తప్పిపోయిన నీ కొడుకు దొరికాడని చెప్పించాడు. తలుపు చాటునుంచి ఆమె ముఖం తీశాడు. లేచి నిలబడి చప్పట్లు కొట్టారట జనం. మిగతా ఆరూ అంతే. ముఖం మారుతుంది, మోసం మారదు. అదంతా దాచుకోడు కూడా. కరక్ చాయ్ చప్పరిస్తూ, ఎవరెవరిని ఎలా ఏడిపించాడో వేళ్ళు మడిచి లెక్కపెట్టి చెబుతాడు.

ఖతార్‌కు కూలీల మీద సినిమా తీయడానికి వచ్చాడు. ఇక్కడ ఆయనకు దొరికినవాడు లస్మయ్య.

లస్మయ్యది జగిత్యాల పక్క పల్లె. మూడేళ్ళుగా సెలవు లేదు. అడిగినప్పుడల్లా కంపెనీ వచ్చే నెల అంటుంది. ఒకరోజు కూలీల క్యాంపులోకి కంపెనీ చొక్కా తొడుక్కున్న మనిషొకడు వచ్చాడు. "లస్మయ్యా, నీ సెలవు పాసైంది. ఎల్లుండి ఫ్లైట్" అన్నాడు. లస్మయ్య ఉన్నచోటే కూలబడ్డాడు. నవ్వు, ఏడుపు కలిసిపోయాయి. ఇంటికి ఫోన్ కొట్టాడు.

"బాలవ్వా, అస్తున్ననే! ఎల్లుండే! బిడ్డకు జెప్పు!"

నీళ్ళ ట్యాంకు వెనకనుంచి మెల్దోనీ "కట్" అన్నాడు. బయటికొచ్చి చప్పట్లు కొట్టాడు.

భార్యకు నిజం చెప్పడానికి లస్మయ్యకు రెండు రోజులు నోరు రాలేదు. బాలవ్వ బిడ్డను వెంటబెట్టుకుని శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు వచ్చి, సాయంత్రం దాకా వచ్చేపోయే ముఖాలు చూస్తూ నిలబడింది. ఇప్పుడు ఊళ్ళో ఆమె కనిపిస్తే చాలు, "మీ ఆయన దుబాయ్‌ల హీరో అయిండట గదా?" అంటున్నారు.

"ఓబులేసన్నా, ఆ బొమ్మ తీసెయ్యుమనే" అని బతిమాలాడు లస్మయ్య. "నా బిడ్డ సూస్తే ఏమనుకుంటది? నా ఏడుపు నాకు ఇచ్చెయ్యుమను."

ఓబులేసు మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ మెల్దోనీ నవ్వాడు. "నా సినిమాకు గుండె అదే. నిజమైన ముఖం వాళ్ళంతట వాళ్ళు ఇవ్వరు, మనమే తీసుకోవాలి. అతనికి ఒక కాఫీ ఇప్పించు."

ఆ మనిషే ఇప్పుడు పక్కన కూర్చుని రెండు చేతులతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఇంట్లో చెప్పరా సార్?" అన్నాడు ఓబులేసు.

మెల్దోనీ భార్యకు చెప్పాడు. వదిలేసిన మొదటి భార్యకూ చెప్పాడు. "నీకు సినిమా రాదన్నావు, విన్నావా?" అని ఆవిడ మీద అరిచాడు. తనను గుమ్మంలోనుంచి పంపించేసిన ఒక పాత నిర్మాతకు ఫోన్ చేసి ఓ పాట పాడాడు. ఆ పాటకు అర్థం తెలియకపోయినా, తిట్టేనని ఓబులేసుకు తెలిసిపోయింది.

"బాగా పాడినారు సార్. ఇంకెవురూ లేరా?"

"అమ్మ ఉంది. తొంభై ఏళ్ళు. ఆ సంతోషాన్ని ఆమె గుండె తట్టుకోలేదు."

అమ్మను మాత్రం వదిలేద్దాం అనుకున్నాడు ఓబులేసు.

మళ్ళీ ఏసీ వేసి బండి కదిలించాడు. దోహాలో అల్ తుమామా పేటలో తన ఫ్లాటు ముందు ఆగేదాకా మెల్దోనీ మాట్లాడుతూనే ఉన్నాడు. ఏ కోటు వేసుకోవాలి, వేదిక మీద ఎవరి పేరు ఎత్తాలి, ఎవరి పేరు ఎత్తకూడదు. దిగి, అద్దంలో తల దువ్వుకున్నాడు. పాదుషా బిడ్డ పెళ్ళికి బయల్దేరినట్టుంది వాలకం.

"రేపు శుక్రవారం కదా? విలేకరుల్ని పిలుస్తాను. కారు ఎన్నింటికి తెస్తావు?"

"తొమ్మిదింటికి తెస్తా సార్, నేరుగా క్యాంపుకు పోదాం, ఇందాక అవార్డని మీకు ఫోన్ చేసినోడు ఉమ్ ఘువైలినా పేటలో ఇటలీ వంటాయన దగ్గర ఆరేండ్లుగా పిజ్జాలు కాల్చే మా షఫీ, మీ ముఖం మొత్తం నా ఫోన్లో శానా నిజంగా పడింది, లస్మన్నది మీరు తుడిచేస్తే మీది మేము తుడిచేస్తాము."