ఈస్టరు సీసా

“ఆ సీసా ముట్టుకోవద్దంటి గదా!” కింద నుంచి ఓబులమ్మ అరిచింది.

కూతురు సౌజన్య అప్పటికే అటక దిగింది. చేతిలో దుమ్ము పట్టిన సీసా, అడుగున వేలెడు మందాన మడ్డి.

“నంద్యాల ల్యాబుకు తీసకపోతాండా మా. దీన్ని పులిపించిన ఈస్టు ఏదో చూస్తే నీ తప్పు లేదని తేలిపోతాది.”

“తేలి ఏం చేస్తాది? ఇరవయ్యారేండ్ల నాటి గోల. పారబొయ్యి.”

“నాయన పారబొయ్యకుండా దాచింది ఎందుకు మరి?”

ఓబులమ్మ వంటింట్లోకి పోయింది.

ఆళ్లగడ్డ చర్చిలో ప్రభువు బల్లకు ద్రాక్షరసం ఒకప్పుడు ఓబులమ్మే కాచేది. ఎండుద్రాక్ష నీళ్లలో ఉడికించి, చల్లారాక వడకట్టి, సీసాల్లో పోసేది. రసం పులవకూడదు, అదొక్కటే నియమం. సౌజన్యకు ఎనిమిదేళ్లప్పుడు, నిండు ఈస్టరు ఆరాధనలో సంఘపెద్ద యాకోబు సీసా మూత తిప్పాడో లేదో, నురగ ఎగదన్ని ఆయన తెల్లచొక్కాను తడిపేసింది. గుప్పున సారా వాసన. వెనక వరసల వాళ్లకు నవ్వాగలేదు. ఓబులమ్మ కల్లు కలిపిందని ఊరంతా అనుకుంది. ఆ పని ఆమె చేతిలోంచి తీసేశారు. ఆ సీసాను నాయన అటకెక్కించాడు.

ఆ వారమంతా ఏం జరిగిందో సౌజన్యకు గుర్తులేదు. చర్చి వెనక అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం మాత్రం మరపు రాలేదు. నురగ ఎందుకొచ్చిందని బడిలో టీచర్ను అడగడంతో మొదలైన చదువు, ఈస్టు జన్యువుల దాకా వచ్చింది. పదేళ్లుగా ఆమె పనంతా పులవడం గురించే. పేపర్లు అచ్చయ్యాయి, పేరొచ్చింది. అమ్మ మీది మాట మాత్రం అట్లాగే ఉంది. అది తుడిచేయకపోతే ఇంత చదువూ దండగని సౌజన్యకు లోపల ఒకటే గుబులు.

నంద్యాల ల్యాబులో చూస్తే మడ్డిలోని ఈస్టు ఎప్పుడో చచ్చిపోయి ఉంది. అయితేనేం, దాని జన్యువులు చెప్పాల్సింది చెప్పాయి. కల్లు ఈస్టుతో పోల్చింది, కలవలేదు. ఎండుద్రాక్ష తొక్కల మీది దానితోనూ, బేకరీ దానితోనూ కలవలేదు. మూడు వారాలు తల పట్టుకుంది. నాలుగో వారం టిఫిను డబ్బాలో అమ్మ పంపిన ఇడ్లీ తింటుంటే చెయ్యి ఆగిపోయింది. అమ్మ పిండి రుబ్బినప్పుడల్లా పాత పిండి పిడికెడు కలుపుతుంది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆ పిండి ఇంతవరకు తెగలేదు.

ఆ పిండిలోని ఈస్టు, సీసాలో ఈస్టు ఒకటే అని తేలింది.

శనివారం నేరుగా వంటింట్లోకే వచ్చింది. “మా, పిండి గిన్నె మీద కప్పే గుడ్డతో గానీ రసం వడకట్టినావా?”

గరిటె ఆగింది. “ఆ. నేనే. పొరపాటున.”

“ఆ ఒక్క మాట అప్పుడే చెప్పింటే అయిపోతుండె గదా!”

“ఎవరడిగినారు?”

సౌజన్యకు కోపమొచ్చింది, జాలీ వేసింది. అమ్మను చెయ్యి పట్టుకుని యాకోబు ఇంటికి తీసుకుపోయింది.

ఎనభై దాటిన యాకోబు ల్యాబు కాగితాలు చేత్తో పట్టుకుని అంతా విన్నాడు.

“కల్లు లేదంటావు.”

“చుక్క లేదు పెద్దనాయనా. గుడ్డ మారింది, అంతే.”

ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. “పాపం కట్టుకున్యాం ఓబులమ్మా. సంఘం ముందర నేనే చెప్తా. ఈ ఈస్టరుకు రసం నువ్వే కాయల్ల.”

“కాస్తా లేన్నా.” ఆమె ముఖం అట్లా వెలగడం సౌజన్య చూసి ఎన్నేళ్లయిందో.

గుమ్మం దాటుతుంటే యాకోబు ఏదో తట్టినట్టు పిలిచాడు. “అయినా ఓబులమ్మా, రసం కాచిన ఆ బుధవారం నువ్వు ఊర్లో యాడుంటివి? మీ చెల్లెలి కాన్పని, పొయ్యి మీది రసం దించి కోయిలకుంట్ల బస్సెక్కినావు. సగంలో ఇడిసిపోయినావని గూడా గదా మాకు కోపం. మళ్లొచ్చింది శనివారం, మేం సీసాలు చర్చికి తెచ్చుకున్యాక.”

“పాత సంగతులు ఎందుకులేన్నా,” అని ఓబులమ్మ గబగబా మెట్లు దిగింది.

సౌజన్య వీధి మలుపులో ఆమెను అందుకుంది.

“మా. నాయన ఆ వారమంతా సంజామలలో మిరప కోతకు పోయిండెనని నువ్వే అంటుంటివి. నువ్వూ లేవు. మరి గుడ్డ తీసి వడకట్టింది ఎవరు?”

ఓబులమ్మ కూతురి భుజం మీద చెయ్యేసి నవ్వింది.

“స్టూలేసుకోని నువ్వే వడకట్టినావు పాపా.”