కొండబాబు కొత్త బండి

“నీ పేరేసుకుని నేనూరేగాలేటి? సెరిపించి ఇయ్యి బావా!” అన్నాడు గోపీకృష్ణ, నడుం మీద చేతులేసుకుని జీపు ముందు నిలబడి.

జీపు బానెట్ మీద ‘కొండబాబు’ అని ఎర్ర రంగుతో, ఎదురు కొండ మీంచి చూసినా కనిపించేంత పెద్ద అక్షరాలతో రాసుంది. ఆ పేరు గల కొండబాబు పక్కనే నిలబడి లెక్కలు వేసుకున్నాడు. పేరు చెరపాలంటే పెయింటరు రావాలి. వచ్చినవాడు ఆ ఒక్క ముక్కా చెరిపి ఊరుకోడు, బానెట్ మొత్తం రంగు వేయిస్తే గానీ బాగోదంటాడు. చేతులు మారిపోతున్న సరుకు మీద ఎదురు ఖర్చు పెట్టేవాడు నర్సీపట్నంలో వ్యాపారం చెయ్యలేడు.

“ఉన్నదున్నట్టు అమ్మేను. నచ్చకపోతే నువ్వే సెరిపించుకో.”

“నాకేటి దురద? ఉండనీ అలాగే!”

ఇద్దరివీ చింతపండు కొట్లే. పిసినారితనంలో ఒకరికొకరు తీసిపోరు. తాళం చేతులు మారింది. డీజిలు వాడిది, ప్రచారం నాది అని కొండబాబు లోలోపల నవ్వుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే కొత్త బండిలో వెనక సీటు మడిచి, గోనెలూ కాటా వేసుకుని కొండెక్కడానికి బయల్దేరాడు. తెల్లటి బండి. బటన్ నొక్కితే స్టార్టు, వేలు తగిలితే పాట. నాలుగు చక్రాలూ లాగుతున్నా లోపల గ్లాసులో నీళ్ళు తొణకవు. ఇంజను నడుస్తోందో లేదో చెవిపెట్టి వినాలి. కృష్ణదేవిపేట దాటాక దారి చూపించే తెర మీంచి ఒకావిడ “కుడివైపుకు తిరగండి” అంది.

“నీకు తెలీకముందు నుంచీ తిరుగుతున్నానమ్మా ఈ రోడ్డు!” అన్నాడు కొండబాబు.

వెళ్ళేది పనసలబందకి. అక్కడో పద్ధతుంది. ఏటా మొదటి కాటా ఎవరికి వేస్తే, సీజనంతా ఊరి చింతపండు వాళ్ళకే. ఆ కాటా తప్పితే ఆ ఏడాది వ్యాపారం తప్పినట్టే. ఇన్నాళ్ళూ అది కొండబాబుదే. ఇవాళ గోపీకృష్ణ కూడా బయల్దేరాడని బజార్లో విన్నాడు గానీ లెక్కలోకి తీసుకోలేదు. ఆ డొక్కు జీపు ఘాటీ రోడ్డు ఎక్కేసరికి తన గోనెలు కుట్టేసి ఉంటాయి.

బండి చప్పుడు లేకుండా ఊళ్ళోకి జారింది. ఒక్కరూ రోడ్డు మీదకి రాలేదు. ఎప్పుడూ తను మలుపు తిరిగేసరికే ఆడవాళ్ళు తట్టలతో నిలబడి ఉండేవారు. హారన్ కొట్టాడు. చివరికి కామమ్మ వచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఆమె మాట మీదే నడుస్తారు.

“కాటా దింపుతున్నాను, తట్టలు తెండమ్మా!” అన్నాడు అద్దం దించి.

కామమ్మ బండిని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూసింది. “సింతపండు లేదు బాబూ.”

ఆ ఊళ్ళో అందరూ అతన్ని ‘బాబూ’ అనే పిలుస్తారు. పేరు పూర్తిగా పలక్కుండా సగమే వాడుకోవడం వాళ్ళ ముద్దు అనుకునేవాడతను.

“అరుగుల నిండా ఉంది కదేటి!”

“అది కొండబాబుకి. మొదటి కాటా కొండబాబుకేనని ఊరంతా అనుకున్నాం. మాట తప్పం.”

కొండబాబు ఛాతీ సీటు బెల్టు తెగేంత పొంగింది. ఇన్నేళ్ళు కాటా మీద వేలు వెయ్యనందుకు వడ్డీతో సహా తిరిగొచ్చిందనుకున్నాడు. నల్ల కళ్ళద్దాలు తీసి కిందకి దిగాడు.

“ఆ కొండబాబుని నేనే కదమ్మా!”

కామమ్మ తెల్లబోయి చూసింది. తర్వాత కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. అరుగుల మీదున్న ఆడవాళ్ళూ అందుకున్నారు.

“ఎండ తగిలిందేటి బాబూ?”

“నవ్వుతారేటి? నా పేరు కొండబాబు కాదేటి?”

“అనీసుకుంటే అయిపోద్దేటి? కొండబాబొస్తే ఆ మలుపు కాడే మాకు తెలిసిపోద్ది.”

వాదించి లాభం లేదనిపించింది. వ్యాపారికి చివరి ఆయుధం ధరే. “సరే, కొండబాబు ఇచ్చేదాని మీద కిలోకి రూపాయెక్కువిస్తాను!”

తన మీద తనే వేలం పాట పెంచుకుంటున్నానని అనేశాక గానీ అతనికి తట్టలేదు.

“రూపాయికి ఆశపడి కొండబాబుకి సెయ్యిస్తామేటి? సాల్లే బాబూ!” అంది కామమ్మ.

అప్పుడే మలుపు దగ్గర గడగడమని రేకుల చప్పుడైంది. ఊరు ఊరంతా లేచింది. “వొచ్చీసినాడు! బేగి, బేగి!” అంటూ తట్టలన్నీ రోడ్డు మీదకి పరిగెత్తాయి. దగ్గుతూ, పొగ కక్కుతూ పాత జీపు వచ్చి ఆగింది. స్టీరింగు వెనక గోపీకృష్ణ, చుట్టూ మూగిన తట్టల్ని చూసి నోరు తెరిచాడు. కామమ్మ బానెట్‌కి పసుపు రాసి, బొట్టు పెట్టి, మొదటి తట్ట అక్కడే దించింది.

కొండబాబు పరుగున వెళ్ళి ఆమెకి అడ్డం పడ్డాడు. “కామమ్మా! అతను గోపీకృష్ణ! ఇన్నేళ్ళూ మీ ఊరొచ్చింది నేను. నన్ను మరిసిపోనావేటి?”

కామమ్మ బానెట్ మీది ఎర్ర అక్షరాలని ప్రేమగా నిమిరి, అతని వైపు నిజంగానే జాలిగా చూసింది.

“నిన్నెలా మరిసిపోతాను బాబూ! ఇన్నేళ్ళూ కొండబాబుని తోలినోడివి. పాపం, డ్రైవరు పన్లోంచి నిన్నెందుకు తీసీసినారు?”