‘చంద్రుడి గని’ చివరి భాగం

సోమవారం ఉదయం పది గంటలకు బెజవాడ బస్టాండు పుస్తకాల కొట్లో ఒక వృద్ధురాలు ఈ నెల ‘గగనరేఖ’ ప్రతులన్నిటిలో చివరి పేజీ చింపేసింది. ఆమె కంభంపాటి హైమవతి.

‘గగనరేఖ’ అరవై ఏళ్ల కిందటి పత్రిక. మనుషుల చేత కథలు రాయించడం మానేసిన సంస్థలు పాత పత్రికలను తేదీ తీసేసి, నెలకొకటి చొప్పున కొత్తవిగా అమ్ముతున్నాయి. పాఠకులూ కొత్తవిగానే చదువుతున్నారు. హైమవతి సీరియల్ ‘చంద్రుడి గని’ అందులోదే. చివరి భాగం రాకముందే అప్పట్లో పత్రిక మూతపడింది. అప్పుడే రాసి దాచుకున్న ఆ భాగం పట్టుకుని ఆమె పోయిన నెల ‘గగనరేఖ’ అమ్ముతున్న సంస్థ ఆఫీసుకు వెళ్లింది.

“రచయిత్రికి ఇరవై ఆరేళ్లండీ. ఫోటో వేశాం కదా,” అన్నాడు మేనేజరు.

“ఆ ఫోటో నాదేనయ్యా.”

“కాదన్లేదండీ. మీరు కనిపిస్తే పత్రిక పాతబడిపోద్ది. చివరి భాగం మిషను రాసేసింది, అచ్చం మీలాగే.”

“నేను బతికుండగా నాలాగా అదెందుకు రాయాలి?”

అతను కాగితాలు తీసుకోలేదు.

ఆమె రాసినదాంట్లో కూలీలు గనిని స్వాధీనం చేసుకుంటారు. ఈ నెల చివరి పేజీలో అచ్చయినదాంట్లో యజమాని కాళ్లు పట్టుకుని పనిలోకి పోతారు. కింద ఆమె పేరుంది.

కొట్టువాడు పిలిస్తే కానిస్టేబుల్ వచ్చాడు. పేరడిగాడు. ఆమె చెప్పింది. అతను పత్రిక తిరగేసి ఫోటో చూశాడు.

“ఈవిడ కుర్రది మామ్మా. నీ అసలు పేరు చెప్పు.”

“అదేరా నా అసలు పేరు!”

‘పేరు తెలియని వృద్ధురాలు’ మీద కేసు నమోదైంది.