గోడ మీద ముత్తన్న

"ఆదివారం సాయంత్రం వస్తానమ్మా. గల్లీవాళ్లు లోపల కనబడితే గోదాం మీకే వదిలేస్తాను. కనబడకపోతే ఎరువు బస్తాలు వేసుకుంటాను" అని వీరరాఘవయ్య ఫోన్ పెట్టేశాడు. కోటగిరి దగ్గర కాలువ కింద వరి పండించే మనిషి. అన్న మాట మీద నిలబడతాడు, అదే భయం.

నిజామాబాద్‌లో ఒక గల్లీ చివర ఆయనకు పాత పసుపు గోదాం ఉంది. ఏడాది కిందట సంజన, నితీష్ దాన్ని అద్దె లేకుండా అడిగి తీసుకుని ప్రయోగాత్మక కళాకేంద్రం చేశారు. జీతాలు లేవు. ఉద్యోగాలయ్యాక వచ్చి ఊడ్చేదీ వాళ్లే, మేకులు కొట్టేదీ వాళ్లే, బొమ్మలు చూసేదీ వాళ్లే.

ప్రయోగాలకు మాత్రం లోటు లేదు. సంజన గోదాం ముందు చీరలు వేలాడదీసి 'నది' అని పేరు పెడితే, వాన పడేలా ఉందని పక్కింటావిడ మడతపెట్టి పోయింది. నితీష్ గోడకేసి చూస్తూ ఒక పూటంతా మౌనంగా కూర్చుంటే, ఎదురింటి శ్యామలమ్మ మజ్జిగ తెచ్చి, "ఇంట్ల కొట్లాడినవా బిడ్డా?" అని అడిగింది. నితీష్ మజ్జిగ తాగాడు. దాంతో ఆ ప్రయోగం ముగిసింది.

"వాళ్లకు ఎరుకైన మనిషిని గీద్దాం. అప్పుడన్న వస్తరు" అంది సంజన.

గల్లీ మొత్తానికి తెలిసిన మనిషి ముత్తన్న. మూలమలుపులో ఇస్త్రీ బండి, దాని వెనకే చిన్న గది. ఈ ఊళ్లో అయినవాళ్లంటూ లేరు. అతని చేయి పడని చొక్కా మాత్రం గల్లీలో లేదు. సంజన అతని ఇస్త్రీపెట్టెలో మిగిలిన బొగ్గులతోనే అతని ముఖం గీసింది, గోడంత.

ముత్తన్న గోడ మీద తనను తాను చూసుకుని మీసం సవరించుకున్నాడు.

"మంచిగున్న" అన్నాడు. "గని ఆదివారం నేనుండ బిడ్డా. రెంజల్ల మా చెల్లె ఇంటికి పోతున్న."

శనివారం బండి మీద టార్పాలిన్ కప్పి, తాడుతో కట్టేసి బస్సెక్కాడు.

ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. గోదాంకు కిటికీలు లేవు. గోడంత ముత్తన్న చీకట్లో కలిసిపోయాడు. నితీష్ ఎదురింటికి పరుగెత్తాడు.

"అవ్వా, ఒక దీపముంటే ఇయ్యరాదు? ముత్తన్న బొమ్మ ముందట పెట్టాలె."

శ్యామలమ్మ మలుపులో టార్పాలిన్ కప్పిన బండి వైపు ఒకసారి చూసింది. తానే వత్తి వేసి, నిండా నూనె పోసి ఇచ్చింది.

దీపం పెట్టి ఇద్దరూ గుమ్మంలో నిలబడ్డారు. ఈ గోదాం పోతే సంజనకు గీసుకునే చోటు ఇంకోటి లేదు. ఇంట్లో బొగ్గు మరకలకే రోజూ గొడవ. ఆమెకు నిజంగానే ఏడుపొస్తోంది.

అప్పుడు జనం రావడం మొదలైంది.

ముందు శ్యామలమ్మ, ఆమె కోడలు. వెనకే కిరాణా కాశయ్య, దుకాణం షట్టరు సగం దించి మరీ వచ్చాడు. తర్వాత గల్లీకి గల్లీయే కదిలింది. ఎవరూ చెప్పకుండానే చెప్పులు బయట విడిచారు. ఒక్కరు కూడా సెల్ఫీ దిగలేదు. చేతులు కట్టుకుని బొమ్మనే చూస్తూ నిలబడ్డారు.

"మాట్లాడుతున్నట్టే ఉన్నడు" అన్నాడు కాశయ్య.

శ్యామలమ్మ కొంగుతో కళ్లొత్తుకుని సంజన చేయి పట్టుకుంది. "ఎవ్వలు లేని మనిషికి మీరే ఇంత చేసిండ్రు బిడ్డా."

సంజనకూ కళ్లు నిండాయి. ఏడాదిగా ఊడ్చింది ఇలాంటి ఒక్క మాట కోసమే.

నితీష్ అందరికీ టీ తెప్పించాడు. ఎవరూ ముట్టలేదు. కళ ముందు టీ ఎవరికి గుర్తుంటుందిలే అనుకుని, అయినకాడికి తనే తాగాడు.

వీరరాఘవయ్య వచ్చేసరికి లోపల నిలబడే చోటు లేదు. గుమ్మంలో ఆగి కాశయ్యను ఏదో అడిగాడు. కాశయ్య ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఆయన కూడా చెప్పులు విడిచి లోపలికొచ్చి, బొమ్మ ముందు కాసేపు తల వంచుకున్నాడు.

"అంకుల్, గోదాం సంగతి..." అంది సంజన.

"ఈ పూట ఆ మాటెందుకమ్మా" అన్నాడు మెల్లగా. "ఇస్త్రీ చేసుకునే మనిషికి ఇంత గౌరవం ఇచ్చారు. గోదాం మీరే ఉంచుకోండి."

ఆయనా టీ ముట్టలేదు.

జనం వచ్చినంత నిశ్శబ్దంగానే వెళ్లిపోయారు. ఒక్కరు కూడా "పోయొస్తం" అనలేదు. మాట రానంతగా కదిలిపోయారని నితీష్ అన్నాడు. సంజన అవునంది. ఆ సాయంత్రం గల్లీలో ఏ ఇంట విన్నా నీళ్ల చప్పుడే.

మరునాడు పొద్దున సంజన గోదాం తాళం తీస్తుండగా, రెంజల్ బస్సు దిగి సంచీతో గల్లీలోకి నడిచొస్తున్న ముత్తన్నను చూసి శ్యామలమ్మ చేతిలో బిందె వదిలేసి, "నిన్ననే కదా ముత్తన్నా, నీకు దండం పెట్టొచ్చి ఇంటిల్లిపాది తలకు పోసుకుంటిమి!" అని కేక పెట్టింది.