పావులు సర్దే వేళ

“మళ్ళీ డ్రాయేనా!” నిర్వాహకుడు నెత్తి కొట్టుకున్నాడు. “మూడు రోజుల్లో ఇది మూడోది. గడియారం మాస్టారూ, ఏమిటండీ ఈ చోద్యం?”

పిల్లల చదరంగం పోటీల్లో ఇరవై ఏళ్ళుగా గడియారాలు చూసి చూసి ఆ పేరు తెచ్చుకున్న రిఫరీకి కూడా అదే అంతుపట్టలేదు. ఫైనల్ డ్రా అయితే మర్నాడు మళ్ళీ ఆడాలి. ఆడేది పదకొండేళ్ళ పిల్ల, తొమ్మిదేళ్ళ పిల్లాడు. ఇవాళ ఆ పిల్లకి రెండెత్తుల్లో గెలుపుంది. నోటిదాకా వచ్చిన ముద్దని పక్కన పెట్టి, మంత్రితో అదే చెక్కు మళ్ళీ మళ్ళీ ఇచ్చి డ్రా చేసుకుంది.

“లాలూచీ అని రాసిపడేయండి మాస్టారూ. ఇద్దరికీ సున్నా. ఇంటికి పోతారు.”

“లాలూచీ ఎలా కుదురుతుందండీ? వేర్వేరు ఊళ్ళ పిల్లలు. పెద్దవాళ్ళ మధ్య చూస్తే పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేట్టుంది.”

నిజమే. ఆట బల్ల చుట్టూ కట్టిన తాడు అవతల ఈ మూల పిల్లాడి తండ్రి. మూడు రోజులుగా పేపరు చాటునుంచి మొహం బయటపెట్టలేదు. ఆ మూల పిల్ల తల్లి. పొద్దున మాస్టారు ఆ తండ్రి గురించి మాట కలపబోతే, “ఆయన సంగతి నా దగ్గర ఎత్తకండి” అని కసిరినంత పని చేసింది. ఓటమి భయం పిల్లలకన్నా పెద్దలకే ఎక్కువని మాస్టారు లోలోపల నవ్వుకున్నాడు.

అయినా ఎక్కడో తిరకాసుంది. ఆటయ్యాక పావులు పెట్టెలో సర్దడం ఆటగాళ్ళ పని. అది ముగిసేదాకా పెద్దవాళ్ళు తాడు దాటకూడదు. మామూలుగా పిల్లలు పావుల్ని గుప్పిళ్ళతో కుమ్మరించి పరుగు తీస్తారు. వీళ్ళిద్దరూ మాత్రం ఒక్కో బంటునీ తుడిచి తుడిచి పెడతారు. ముప్పై రెండు పావులకి ఇరవై నిమిషాలు!

మాస్టారికి ఆత్రం ఆగలేదు. రిపోర్టు కాగితం పట్టుకుని, గడియారం తీసుకునే నెపంతో పిల్లి అడుగులతో వాళ్ళ వెనక్కి చేరాడు.

“అక్కా, రేపు కూడా డ్రా చేద్దామా?” పిల్లాడి గుసగుస.

దొరికారు దొంగలు! ఇందాక వెనకేసుకొచ్చినందుకు మాస్టారికి తనమీద తనకే కోపం వచ్చింది. పెన్ను మూత తీశాడు.

“ఊఁ” అంది పిల్ల. ఆఖరి బంటుని తుడుస్తూ, తాడు అవతలి పేపరు వైపు ఓరగా చూసింది.

“నాన్న నా గురించి అడిగాడారా?”