గుంట జాగ

"భూమి అమ్మిన గనీ, నా కొడుకును అమ్మలే దొరా!"

ఉపేందర్‌రావు వాకిట్ల నిలవడి భూమవ్వ ఒకటే మొత్తుకుంటుంది. ఆమె మూడెకరాల చెలుక కొన్నది ఆయనే. పెండ్లిగాకముందే సచ్చిన కొడుకు ఓదెలును ఆ చెలుక నడుమ పాతిపెట్టింది. ఆ గుంట జాగ విడిచి మిగిలిందే అమ్ముతనని ముందుగాలనే చెప్పింది. కాయితం రాసినాయనకు అంత ఓపిక ఏడిది? పాత కాయితంల హద్దులు చూసి దించిండు. చెలుకతోని కొడుకు బొంద గూడ దొరకు పోయింది. పట్వారి చదివి చెప్తెగాని ఆమెకు ఎరుక గాలే.

వాకిట్ల జనం జమైన్రు. సర్పంచు ఓట్లు దగ్గర వడ్డయి, నిలవడ్డది ఉపేందర్‌రావే.

"గింత దానికి ఏడుస్తరా భూమవ్వా? రాతల తప్పు వడ్డది, దిద్దుకుందాం" అన్నడు అందరు ఇనంగ.

దొర నోట తప్పు అన్న మాట! జనం మొఖాలు మొఖాలు చూసుకున్నరు.

తెల్లారే దొర ఆమెను తన బండిల సుల్తానాబాద్ రిజిస్ట్రేషన్ కచేరికి తోలుకపోయిండు. ఖర్చంత తనదే అన్నడు. సవరణ కాయితం రాసినాయన చదివిండు: "నడుమ గుంట జాగ భూమవ్వది. దానికి తూర్పు ఉపేందర్‌రావు చెలుక, పడమర ఉపేందర్‌రావు చెలుక, ఉత్తరం, దక్షిణం గూడ ఆయన చెలుకనే. సమజైందా అవ్వా?"

"నా కొడుకు నాకొచ్చిండు. గంతే చాలు బిడ్డా" అని ఏలిముద్ర ఏసింది. దొర కాళ్ల మీద పడి, "నీ కడుపు సల్లగుండ!" అని దీవించింది. పిచ్చితల్లి! ఊరంత తిరిగి ఆయన మంచితనం చెప్పింది. ఆమె మాట ఇని ఓట్లేసినోళ్లు తక్కువేం లేరు.

ఉపేందర్‌రావు గెలిచిండు. ఎనుకనే, సచ్చినోళ్లకు బువ్వ పెట్టే పెత్తరమాస వచ్చింది. ఓదెలుకు ఇష్టమని భూమవ్వ శాపల పులుసు వండి, బువ్వ గంప నెత్తిన వెట్టుకోని చెలుకకు పోయింది. చెలుక సుట్టు ముండ్లకంప కొట్టి ఉంది. సందు లేదు. ఉపేందర్‌రావు లోపల నిలవడి దున్నిపిస్తుండు.

"దొరా, కంప జర పక్కకు తీపియ్యి. పోరనికి బువ్వ పెట్టి వస్త."

"పెట్టుకో, ఎవలొద్దన్నరు? గా గుంట నీదేనాయె."

"మరి ఆడికి పోను తొవ్వ, దొరా?"

"గది నన్నడుగుతవేంది? నీ జాగకు నువ్వు పో. నా చెలుకల మాత్రం కాలు పెట్టకు."